తలుపు లెక్క

మా ఆఫీసులో ఆయన్ని అందరూ గదులాయన అంటారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనపడదు. నన్ను నిచ్చెనమ్మ అంటారు కాబట్టి ఆ విషయంలో నాకు ఎవరి మీదా జాలి లేదు. మొబైల్ టవర్ల కిందా, మేడల మీదా ఉండే సర్వర్ డబ్బాలకు రోగమొస్తే నిచ్చెనేసుకుని ఎక్కేది నేను. ఆ డబ్బాల్లో ఏం ఉండాలో, ఏం ఉండకూడదో తేల్చేది ఆయన. ఆయన కుర్చీ, నా కుర్చీ తొమ్మిదేళ్ళుగా వీపులు ఆనించుకుని ఉన్నాయి. కాబట్టి ఆయన గురించి చెప్పే హక్కు ఆయన కంటే నాకే కాస్త ఎక్కువ ఉందనుకుంటాను.

ముందు ఆ డబ్బా సంగతి చెప్పాలి. ఫోన్లో మనం ఏదైనా నొక్కితే ఆ పని చేసిపెట్టే పెద్ద సర్వర్లు ఎక్కడో వేరే ఊళ్ళో ఉంటాయి. మాట అంత దూరం వెళ్ళి జవాబు తిరిగి రావడానికి కాస్త సమయం పడుతుంది. ఆ కాస్త కూడా ఓర్చుకోలేని సర్వీసులు కొన్నున్నాయి. ఆటలు, దుకాణాల కెమెరాలు, దారి చెప్పేవి, ఇలాంటివి. వాటి కోసం ప్రతి పేటలోనూ మా కంపెనీ ఒక చిన్న డబ్బా పెట్టింది. సగం బీరువా అంత ఉంటుంది. అందులో ఎనిమిది గదులు, అంటే ఎనిమిది సర్వీసులకే చోటు. చోటు కావాలని క్యూలో నిలబడేవి ముప్పై. చోటు దొరికిన సర్వీసు వాళ్ళు తమ జనం ఎంతసేపు డబ్బాని వాడుకుంటే అంతసేపటికి మాకు డబ్బు కడతారు. ఏ ఎనిమిదింటిని పెడితే గిట్టుబాటో చూసి నెలకోసారి పట్టిక వెయ్యాలి. రెండొందల అరవై డబ్బాలకి ఆయనొక్కడే.

ఈ పని ఆయనకి చిన్నప్పుడే అబ్బిందట. రెండు గదుల ఇంట్లో ఏడుగురు ఉండేవాళ్ళు. ఎవరి పక్క ఎక్కడ వెయ్యాలో, రాత్రిపూట లేచేవాళ్ళు తలుపు దగ్గరా, గురకపెట్టేవాళ్ళు గోడవైపా, అన్నీ రోజూ సాయంత్రం ఈయనే తేల్చేవాడు. తల్లి పోయాక పెంచింది పెద్దక్క. ఆవిడ బస్ స్టేషన్లో టిక్కెట్ కౌంటర్లో చేరి తమ్ముణ్ణి చదివించింది. ఎవరైనా పెళ్ళి మాటెత్తితే, "చిల్లర లేదు, తర్వాత రండి" అనేదట.

ఇక ఆయన భయం గురించి. తాళం వేశాక మూడుసార్లు లాగి చూస్తాడు, రోడ్డు దాకా వెళ్ళి వెనక్కొచ్చి నాలుగోసారి లాగుతాడు. పట్టిక పంపే రోజు అన్నం ముట్టడు. పంపాక ముద్ద దిగదు. "ఇదేం ఉద్యోగం అన్నయ్యా, నెలకి రెండ్రోజులు పస్తులు" అంటే, "ఎవర్నో ఒకర్ని బయటికి పంపాలిగా తల్లీ, కడుపు నిండా తిని పంపలేను" అన్నాడోసారి. మనిషి మంచివాడే. మంచితనానికి తోడు తన పట్టిక మీద గట్టి నమ్మకం కూడా ఉండటంతోనే చిక్కొచ్చింది.

అక్కకి నలభై ఏడో ఏట జ్వరమొచ్చి వినికిడి పూర్తిగా పోయింది. కౌంటర్ ఉద్యోగం కూడా పోయింది. ఆరేళ్ళు ఇంట్లో కూర్చుంది. కిందటి ఏడాది ముగ్గురు మనుషులున్న చిన్న కంపెనీ ఒకటి కొత్త సర్వీసు తెచ్చింది. ఎదుటివాళ్ళ మాటలు ఫోన్ విని, వెంటనే అక్షరాలుగా చూపిస్తుంది. బస్ స్టేషన్ మేడ మీదున్న మా డబ్బాలో దానికి ఒక గది దొరికింది. పక్క వీధిలో చెవుల ఆస్పత్రి ఉండటంతో ఆ పేటలో వాడేవాళ్ళు ముప్పై ఇద్దరు దాకా ఉన్నారు. అక్క ఆ ఫోన్ పట్టుకుని పాత చోటికే వెళ్ళి ఉద్యోగం అడిగింది. పోయిన వస్తువుల కౌంటర్లో పెట్టారు. మూడు నెలలు చూస్తామన్నారు, సరిగ్గా చేస్తే ఉంచుతారు, లేకపోతే లేదు.

ఆ మూడు నెలలు ఒక శుక్రవారంతో ముగుస్తాయనగా, ఆ వారం సోమవారమే ఒకటో తారీకు. ఒకటో తారీకున కొత్త పట్టిక అమల్లోకి వస్తుంది. కొత్త పట్టికలో అక్షరాల సర్వీసు లేదు.

తీసింది ఆయనే. తెలిసే తీశాడు. నాకు ఆ సంగతి సోమవారం పొద్దున్న బస్ స్టేషన్ మేడ మీద, డబ్బా తలుపు తీసి గాలిపంకా మారుస్తుండగా తెలిసింది. ఆయన మెట్లెక్కి పైకొచ్చాడు. తొమ్మిదేళ్ళలో ఆయన్ని మేడ మీద చూడటం అదే మొదటిసారి. చొక్కా గుండీ ఒకటి తప్పు కాజాలో ఉంది.

"కొత్త సర్వీసని ఇచ్చిన గడువు అయిపోయింది, వరసలో ఆఖరున వచ్చింది తల్లీ. ఆ పేటలో రోజుకి ముప్పై రెండు వాడకాలే. ఆటకేమో తొమ్మిది వేలు. అక్క వాడుతోందని ఉంచితే అది అన్యాయం కదా? ఇక పెద్ద సర్వర్ నుంచి వస్తుంది, ఒక సెకను లేటవుతుంది అంతే. అక్క సర్దుకుంటుంది."

"మరి ఇక్కడికెందుకొచ్చారు?"

"ఊరికే చూద్దామని."

ఇద్దరం కిందికి దిగి, కౌంటర్ ఎదురుగా ఉన్న స్తంభం పక్కన నిలబడ్డాం. క్యూలో ఐదుగురున్నారు. అక్క ముందు చిన్న స్టాండు, స్టాండు మీద ఫోను. పిల్లాడి బూటు పోయిందని ఒకావిడ చెప్పి పక్కకి జరిగింది. తర్వాతి మనిషి నల్ల గొడుగు, చెక్క పిడి అని చెప్పాడు. అక్క ఫోన్ వంక చూస్తూ కూర్చుంది. ఆ మనిషి మళ్ళీ చెప్పాడు. అప్పటికి ఫోన్లో ముందావిడ మాటలు రావడం మొదలైంది కాబోలు, అక్క తలెత్తి, "ఎడమ కాలిదా, కుడి కాలిదా?" అని అడిగింది.

"గొడుగుకి కాళ్ళేంటమ్మా?" అన్నాడాయన. వెనకవాళ్ళు నవ్వారు.

నవ్వుతున్నారని అక్కకి కనపడింది, ఎందుకో తెలియలేదు. ఫోన్ని రుమాలుతో తుడిచి మళ్ళీ పెట్టింది. గొడుగాయన మాటలు మూడు నాలుగు సెకన్లకి వచ్చేవి, అప్పటికి ఆయన ఇంకేదో అనేవాడు. పొద్దుటిపూట అందరూ ఒకేసారి వాడే వేళ కదా, పెద్ద సర్వర్ దగ్గర గదులాయన చెప్పిన ఒక సెకను నాలుగైంది. నాలుగు సెకన్లంటే ఏముందిలే అని నేనూ అనుకునేదాన్నే. కౌంటర్ దగ్గర నాలుగు సెకన్లు మౌనంగా కూర్చునే మనిషిని జనం మొద్దు అనుకుంటారు. అది నా కళ్ళారా చూశాను, చూసి నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీద మండిందంటే పక్కనున్న ఆయన మీదే.

క్యూ పెరిగింది. వెనక గదిలోంచి సూపర్‌వైజర్ వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కాసేపు చూసి ఒక చీటీ మీద రాసి అక్క ముందు పెట్టాడు. తర్వాత ఆ చీటీ మేమూ చూశాం. "శుక్రవారం దాకా చూస్తాను" అని ఉంది.

క్యూ పల్చబడ్డాక గదులాయన కౌంటర్ దగ్గరికి వెళ్ళాడు. అక్క మొహం వెలిగింది. "ఒరేయ్, నువ్వేంట్రా ఇక్కడ? ఈ ఫోన్‌కి పొద్దున్నుంచీ ఏదో అయింది. నీకు తెలుస్తుందేమో చూడు." వినపడదు కాబట్టి గొంతు కాస్త పెద్దది, హాలంతా తిరిగి చూసింది.

ఆయన తప్పు చెప్పుకోలేదు. చీటీ మీద ఒక ప్రశ్న రాశాడు. "రోజుకి ఎన్నిసార్లు తెరుస్తావు దీన్ని?"

"ఎన్నిసార్లేంట్రా? పొద్దున్న ఒకసారి తెరుస్తా. సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు మూస్తా. మధ్యలో మూస్తే ఎట్లా?"

మనిషి రంగు మారడం అంటే ఏమిటో ఆ పూట చూశాను. కౌంటర్ బల్ల పట్టుకుని నిలబడ్డాడు. నేను కుర్చీ లాగితే కూర్చోలేదు.

ఆయనకి అప్పుడు తట్టింది ఇది. ఎవరు ఎంతసేపు వాడారన్న అసలు లెక్క ఆయనకి చేరేసరికి రెండు నెలలు దాటుతుంది, అదీ అన్ని డబ్బాలదీ కలిపి ఒకే మూటగా వస్తుంది. అందుకని ఆయన ఒక అడ్డదారి వేసుకున్నాడు. ఒక సర్వీసుని రోజుకి ఎన్నిసార్లు తెరిచారో డబ్బా రాసుకుంటుంది. ఒకసారి తెరిస్తే సగటున రెండు నిమిషాలు ఉంటారు. తెరిచిన సార్లు ఇంటూ రెండు, అంతే లెక్క. ఆట విషయంలో అది నిజమే, వేలితో నొక్కిన ప్రతిసారీ తెరిచినట్టే. అక్క ఒక్కసారి తెరిచి తొమ్మిది గంటలు ఉంటుంది. ఆ తొమ్మిది గంటలు ఆయన పట్టికలో రెండు నిమిషాలు. ఇంటికొచ్చినవాళ్ళు ఎంతసేపు కూర్చున్నారో చూడకుండా, తలుపు ఎన్నిసార్లు చప్పుడైందో లెక్కపెట్టినట్టన్నమాట. రెండేళ్ళుగా రెండొందల అరవై డబ్బాలకి అదే లెక్క.

మేడ మీదికి తిరిగొచ్చాం. నేను ఆలోచించకుండా అన్నాను, "నా చేతిలో పని అన్నయ్యా. పది నిమిషాల్లో దాన్ని మళ్ళీ పెట్టేస్తా. నెలాఖరు దాకా ఎవరికీ తెలీదు."

"దేన్ని తీసేసి పెడతావు?"

"ఆ ఆటని. ఆడేవాళ్ళకి నాలుగు సెకన్లు ఆగితే ఏం కొంప మునగదు."

ఆయన నా చేతిలోని ల్యాప్‌టాప్ వంకే చూశాడు. ఒప్పుకుంటాడనే అనుకున్నాను, ఒప్పుకోవాలనే కోరుకున్నాను.

"మా అక్క గనక వెళ్ళి చూశాను," అన్నాడు చివరికి. "ఇలా ఎన్నింటిని తీసేశానో, వాటి వెనక ఎవరెవరున్నారో నేను వెళ్ళి చూడలేదు. దీన్నొక్కదాన్నీ దొంగచాటుగా పెడితే ఆ లెక్క అట్లాగే ఉండిపోతుంది."

"లెక్క తర్వాత దిద్దుకోవచ్చు. ఆవిడ ఉద్యోగం శుక్రవారం పోతుంది."

"తెలుసు," అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా కిందికి దిగి ఆఫీసుకే వెళ్ళాడు. నేను వెనకాలే వెళ్ళాను, పంకా సగంలో వదిలేసి.

మా సెక్షన్ పెద్ద మేడం మొత్తం విన్నది. విన్నాక కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "రెండేళ్ళు గుర్తురాని తప్పు, మీ అక్కగారి సర్వీసు పోయిన రోజే గుర్తొచ్చిందా? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది."

"తడుముకోవట్లేదు మేడం. దొంగని నేనేనని చెప్పడానికే వచ్చాను. నేను దిద్దితే అక్క కోసం దిద్దానంటారు. ఇంకెవరి చేతైనా దిద్దించండి."

ఆవిడ ఆయన పట్టిక తీసేసుకుంది. లెక్కల సెక్షన్‌లో ఇద్దరికి ఇచ్చి, సర్వీసుల వాళ్ళ దగ్గర్నుంచే గంటల లెక్క తెప్పించి, గురువారం సాయంత్రానికి మొత్తం మళ్ళీ వెయ్యమంది. అప్పటిదాకా ఆయన ఏ కంప్యూటర్ మీదా చెయ్యి వెయ్యకూడదంది. దిద్దిన లెక్కలో కూడా అక్షరాల సర్వీసు మొదటి ఎనిమిదిలో రాకపోతే తనేం చెయ్యలేనని కూడా చెప్పింది. ఆ మాట ఆవిడ చెప్పక్కర్లేదు, ఆయనకి అందరికంటే బాగా తెలుసు.

మంగళవారం, బుధవారం, గురువారం. ఆ మూడ్రోజులూ ఆయన ఖాళీ బల్ల ముందు కూర్చున్నాడు. కాగితం మీద అంకెలు వేసేవాడు. ముప్పై ఇద్దరూ అక్కలాగా రోజంతా ఉంచుతారా, కొందరు గంటే ఉంచుతారా? అందరూ గంటే అయితే పదో స్థానం. సగం మంది రోజంతా అయితే ఆరు. కాగితం చింపేవాడు, మళ్ళీ మొదలుపెట్టేవాడు.

బుధవారం మధ్యాహ్నం నన్ను తోడు తీసుకుని అక్క దగ్గరికి వెళ్ళాడు. ఒక్కడూ వెళ్ళలేనన్నాడు. అక్క ఉపాయం ఒకటి కనిపెట్టుకుంది. చీటీలు, పెన్సిళ్ళు పెట్టి, పోయిన వస్తువేదో రాసివ్వమంటోంది. రాయడం రానివాళ్ళూ, రాసే ఓపిక లేనివాళ్ళూ విసుక్కుంటున్నారు. క్యూ తలుపు దాటి బయటికి పోయింది. సూపర్‌వైజర్ గోడ గడియారం కింద నిలబడ్డాడు.

ఆవిడ భోజనం డబ్బా తెరిచాక ఆయన అంతా చీటీల మీద రాసి ఒక్కొక్కటే ఇచ్చాడు. ఆవిడ ఒక్కొక్కటే చదివింది.

"నా పేరు చూసుకుని ఉంచాల్సిందని నేననట్లేదురా," అంది తర్వాత. ఆ ఒక్కసారీ ఆవిడ గొంతు చిన్నదైంది. "తీసే ముందు నన్నొక్క మాట అడగొచ్చుగా. అక్కా, రోజూ ఎంతసేపు వాడతావు అని. అడక్కుండా, సర్దుకుంటుందిలే అనుకున్నావు. చిన్నప్పట్నుంచీ నీకదే అలవాటు, ఎవరెక్కడ పడుకోవాలో నువ్వే చెప్పేవాడివి."

ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. నాకు ఆవిడ మాట నచ్చింది. ఆయన మీద జాలీ వేసింది. రెండూ ఒకేసారి.

"తిను," అంది ఆవిడ తన డబ్బా ముందుకు తోసి. "మూడ్రోజులై తిన్నట్టు లేవు."

గురువారం సాయంత్రం ఆరింటికి పెద్ద మేడం బయటికొచ్చి ఆయన బల్ల మీద కాగితం పెట్టింది. బస్ స్టేషన్ డబ్బాలో అక్షరాల సర్వీసు ఆరో స్థానంలో ఉంది. ఆట మొదటి స్థానంలోనే ఉంది, దాన్నెవరూ కదిలించలేదు. బయటికి పోయింది ఇంకేదో చిన్నది, ధరలు పోల్చి చూపించేది. ఆయన కాగితం రెండుసార్లు చదివి, "దాన్ని వాడేవాళ్ళని ఎవరైనా అడిగారా మేడం?" అన్నాడు. ఆవిడ విసుక్కుంటూ అడిగామంది.

శుక్రవారం తెల్లవారేసరికి నేనే మేడెక్కి పెట్టాను. ఎనిమిదింటికి స్తంభం పక్కన మళ్ళీ మేమిద్దరం. ఒక ముసలాయన కళ్ళజోడు పోయిందని చెప్పడం పూర్తవకముందే అక్క, "ఒక వైపు పుల్లకి దారం కట్టి ఉందా?" అని అడిగి తీసిచ్చింది. ముసలాయన నవ్వితే అక్కా నవ్వింది. సూపర్‌వైజర్ పది దాకా నిలబడి లోపలికెళ్ళాడు. మధ్యాహ్నం ఆవిడ చేత సంతకం పెట్టించుకున్నారు. ఉద్యోగం నిలబడింది.

కథ అక్కడ అయిపోయి ఉంటే నాకు హాయిగా ఉండేది. కానీ దిద్దిన లెక్కతో పాటు లెక్కల సెక్షన్ వాళ్ళు ఇంకో జాబితా కూడా ఇచ్చారు. రెండేళ్ళలో తప్పు లెక్క మీద తీసేసిన సర్వీసులు నలభై ఒకటి. పెద్ద మేడం, "అడిగినవాళ్ళకి మళ్ళీ చోటిద్దాం, అయిపోయిందేదో అయిపోయింది" అంది. పట్టిక పని ఆయన దగ్గర్నుంచి తీసేసింది. ఆయన ఆ జాబితా మాత్రం తనకివ్వమన్నాడు. వాడినవాళ్ళకి తనే ఫోన్ చేసి చెబుతానన్నాడు.

శనివారం మధ్యాహ్నం అక్క ఇంట్లో, వంటగది పక్కనున్న చిన్న బల్ల దగ్గర కూర్చున్నాం. తను కూడా ఉంటానని అక్కే పట్టుబట్టింది. ఆయన ఫోన్ స్పీకర్లో పెట్టాడు, పక్కన అక్క ఫోన్ అక్షరాలు చూపిస్తోంది. జాబితాలో మొదటిది మూగబోయిన గొంతులకి గొంతిచ్చే సర్వీసు. గొంతుకి ఆపరేషనై మాట పోయినవాళ్ళు పెదాలు కదిలిస్తే ఫోన్ వాళ్ళ పాత గొంతుతో పలుకుతుంది. అది తీసేసిన పేటలో దాన్ని వాడింది ఒకే నంబరు. తలుపు లెక్కలో రోజుకి ఒకటి.

మగగొంతు పలికింది. గదులాయన తనెవరో, ఎందుకు చేశాడో చెప్పాడు. మళ్ళీ దగ్గర్లో పెట్టించగలమని చెప్పాడు.

"మా ఆవిడదండీ అది," అన్నాడు అవతలాయన. "స్కూల్లో లెక్కలు చెప్పేది. ఉన్నట్టుండి మాట లేటవడం మొదలైంది. పెదాలు ఆగాక మాటొచ్చేది, పిల్లలు నవ్వారు. మానేసింది. ఏడాదిన్నరైంది."

అక్క ఫోన్లో ఆ మాటలు వెంటవెంటనే వస్తూనే ఉన్నాయి. అక్క చదువుతూనే ఉంది. ఆయన అడ్డుగా చెయ్యి పెట్టబోయి మానేశాడు.

"ఆమెతో మాట్లాడొచ్చాండీ?" అన్నాడు.

"తను మాట్లాడదండీ. వింటుంది. ఇస్తున్నాను."

ఫోన్ చేతులు మారిన చప్పుడైంది. ఆయన ఫోన్ దగ్గరికి వంగాడు. "అమ్మా, ఆ తప్పు నాదమ్మా. లెక్క తప్పు వేశాను. మిమ్మల్ని అడగకుండా తీసేశాను." ఆయన మాటలు కూడా అక్షరాలై ఆ తెర మీద వరసగా నిలబడ్డాయి. ఆ తర్వాత తెర ఖాళీగా ఉండిపోయింది.

అక్క ఫోన్ని దగ్గరికి తీసుకుంది. రుమాలుతో తుడిచింది. తమ్ముడి మొహంలోకి కంగారుగా చూసింది.

"ఏమీ రావట్లేదేంట్రా? మళ్ళీ లేటవుతోందా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. "లేదక్కా," అన్నాడు, అక్షరాలు పడేలా మెల్లగా. "ఆవిడ లైన్లోనే ఉన్నారు."